ఎనిమిది గొంతుల పాట

మా ఊళ్లో పెళ్లయినా, పందిని కోసిన రోజయినా, బీరు రెండో విడత పోసేసరికి ఎవడో ఒకడు బల్ల మీద పిడికిలితో దరువు మొదలెడతాడు. ఇక ఆగరు. గోడల మీది పటాలు అదిరేలా దేవదారు పాట ఎత్తుకుంటారు. కొండ మీద దేవదారు, దాని కింద నా పిల్ల, దాని పక్కన నా బీరు. పాట మొత్తం ఇంతే. ఆ పాట పుణ్యమా అని మా సత్రంలో పగిలిన గ్లాసులకు లెక్కలేదు.

దాన్ని కట్టింది మా బడిపంతులు గోట్‌లోబ్ హేర్టర్ గారు. జర్మనీలోని ఈ ష్వాబియా కొండల్లో ఏ పల్లెకు వెళ్లి ఆయన పేరు చెప్పినా "ఓ, ఆ దేవదారు మాస్టారేగా!" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మంటలార్పే దళం వాళ్లు తమ పండగకు ఒక పాట రాసిమ్మని, పొగపెట్టిన పంది తొడ ఒకటి చేతిలో పెడితే, బంగాళదుంపలు ఉడికేలోపు గీకి పారేసిన పాట అది.

"ఆ తొడని నెల రోజులు నేను తిన్నాను ఒట్టీలియే. ఆ పాట మాత్రం బతుకంతా నన్ను తింటోంది" అనేవారు నాతో.

నాతోనే ఎందుకంటే, మాది దుప్పి బొమ్మ సత్రం. మగవాళ్ల పాటల సంఘం శుక్రవారం శుక్రవారం మా హాల్లోనే సాధన చేసేది. పిల్లలకు పాఠాలు, గుడిలో ఆర్గాన్, గుడి గడియారానికి తాళం తిప్పడం, చావులకు గంట కొట్టడం, వీటన్నిటితో పాటు ఈ మొద్దు గొంతుల్ని దారిలో పెట్టే పని కూడా మాస్టారిదే. హాలుకూ మా వంటింటికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంటుంది, బీరు అందించడానికి. నా చదువంతా ఆ కిటికీలోంచే సాగింది.

ఒకరోజు వాళ్లు ఏదో పాడుతున్నారు. నేను గిన్నెలు తోముతూ నాకు తోచిన స్వరం కలుపుతున్నాను. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. కిటికీలో మాస్టారి తల ప్రత్యక్షమైంది.

"ఎవరది?"

"నేనేనండీ. గిన్నెలు తోముతున్నా."

"నేనడిగింది గిన్నెల గురించి కాదు. ఆ స్వరం ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరు నేర్పుతారు మాస్టారూ? అక్కడ ఖాళీగా అనిపించింది, కలిపాను."

మాస్టారి చెవులు మామూలు చెవులు కావు. నేను పెరట్లో కోళ్లను పిలుస్తుంటే బడి కిటికీ తెరిచి "శ్రుతి దిగుతోంది ఒట్టీలియే! పాపం, కోళ్లేం చేశాయి?" అని అరిచేవారు. వీధి చివర ఇనుప చువ్వ కిందపడినా అది ఏ స్వరంలో పడిందో చెప్పేవారు. మా అన్న యాకోబ్ రాత్రి ఎక్కువ తాగితే, మర్నాడు గుడిలో వాడి మొదటి మాటకే పట్టేసేవారు.

ఆ ఆదివారం నన్ను బడికి రమ్మని ఒక కాగితాల కట్ట చూపించారు. ఎనిమిది గొంతుల పాట. నాలుగు మగ గొంతులు, నాలుగు ఆడ గొంతులు, ఎవరి దారి వాళ్లదే. ఏళ్ల తరబడి రాస్తూ, చెరుపుతూ ఉన్నారట. మాటలు కూడా ఆయనవే, ఎక్కువేం లేవు. దీపం పెట్టండి, తలుపు వెయ్యకండి, ఇంకా ఒకరు రావాలి. ఆ చివరి మాట ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు చేతులు మారుతూ పోతుంది. మగ గొంతుల్లో అన్నిటికంటే పైది ఒక్కటి దాన్ని పట్టుకుని, మిగతావాళ్లంతా ఆగాక కూడా నిలబడుతుంది.

"ఇది మీ యాకోబ్ కొలతకు కుట్టిన చొక్కా. ఇంకెవరికీ పట్టదు" అన్నారు. కట్ట మళ్లీ కడుతూ, "దీన్ని ఒక్కసారి చెవులారా వింటే చాలు నాకు. తర్వాత పొయ్యిలో వేసుకున్నా ఫర్వాలేదు" అన్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఊరి మగాళ్లంతా మా సత్రంలో పేకాటకు కూర్చుంటారు. అదే అదను. మేం పదిమంది ఆడవాళ్లం, అల్లికపని పేరు చెప్పి, ఊలు బుట్టలు పట్టుకుని బడికి చేరేవాళ్లం. పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూర్చునేవాళ్లం. చలికాలం గడిచేసరికి మా నాలుగు గొంతులూ సిద్ధం. ఒక్కరం కూడా ఒక మేజోడైనా అల్లలేదు. మా మొగుళ్లకు అనుమానం రాలేదంటే, వాళ్ల తెలివి అంతంత మాత్రమే.

సంఘానికి ఒక పట్టు జెండా ఉండేది. నీలం మీద బంగారు వీణ. సభ్యుడు పోతే సమాధి మీదికి దాన్ని వంచి, దాని కింద నిలబడి పాడటం ఆచారం. అది సభ్యులకు మాత్రమే. సభ్యులంటే మగాళ్లే. ఆ జెండా కుట్టింది మాత్రం మేమే, మా అమ్మలూ మేమూ కలిసి, వేళ్లు పొడుచుకుని.

ఆ ఏడాది సభలో మాస్టారు లేచి, ఆడవాళ్లతో కలిసి ఒక్క పాట పాడదామని అడిగారు. హాలంతా నవ్వులు. సంఘానికి పెద్ద, మాంసం కొట్టు నడిపే మౌటె. వాడి పొట్ట ముందు, వాడు వెనక.

"ఏంటి మాస్టారూ, వాళ్లొచ్చి జెండా కింద నిలబడితే మేం పోయి గరిటె పట్టుకోవాలా?"

నేను కిటికీలోంచి అన్నాను. "పట్టుకో మౌటె. నీ మాంసం ఎంత ముదురో నీకూ తెలుస్తుంది."

"చూశారా, చూశారా! ఇంకా లోపలికి రానేలేదు, అప్పుడే నోరు లేస్తోంది!"

చేతులెత్తమన్నారు. ముసలి దర్జీ ఒక్కడే మాస్టారి వైపు ఎత్తాడు. నేను మా యాకోబ్‌ను చూస్తున్నాను. వాడు నన్ను చూడలేదు. వాడి చెయ్యి బీరు గ్లాసు మీదే ఉంది. తర్వాత నిలదీస్తే, "అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్నే ఎలా ఎత్తనే?" అన్నాడు. చెడ్డవాడు కాదు. నవ్వులకు జడిసే రకం.

మాస్టారు కాగితాలు సర్దుకుని "సరే, వచ్చే ఏడు అడుగుదాం" అన్నారు. వాళ్లేమో దేవదారు పాట మొదలెట్టారు. ఆయన కళ్లు మూసుకుని చెయ్యి ఊపారు. ఆ కళ్లు మూసుకోవడం చూసి, ఆ పాటంటే ఆయనకు ప్రాణమని ఊరంతా అనుకునేది. చూడలేక మూసుకుంటున్నారని నాకొక్కదానికే తెలుసు.

మరుసటి ఏడు అడిగారు. ఆ పై ఏడూ అడిగారు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, అడగడానికి ఎవరూ మిగల్లేదు.

మా మగవాళ్లు దేవదారు పాట పాడుకుంటూనే రైలెక్కారు. లేత గొంతులే ముందు వెళ్లాయి. కుర్రాళ్లవే కదా పై గొంతులు. గుడి గంటలు కూడా కరిగించి ఫిరంగులు పోయడానికి సర్కారు వాళ్లు దింపుకుపోయారు. యాకోబ్ ఫ్రాన్సులో ఎక్కడో మట్టిలో ఉన్నాడు. మౌటె ఒక్కగానొక్క కొడుకూ తిరిగి రాలేదు. యుద్ధం ముగిసి సంఘం మళ్లీ కూర్చుంటే, అన్నీ లావు గొంతులే. పైన పాడటానికి ఆ ముసలి దర్జీ ఒక్కడు, నూనె లేని తలుపులా. ఆ దేవదారు పాట కూడా నడవలేదు. బల్ల మీద దరువు వేసి, ఎత్తుకునే నాథుడు లేక ఆపేశారు.

ఒక మధ్యాహ్నం మౌటె వెనక గుమ్మంలోంచి మా వంటింట్లోకి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. పొట్ట కరిగిపోయింది.

"ఒట్టీలియే, యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి గుడిలో నిలబెడుతున్నాం. పాట లేకుండా ఎలా? మీ ఆడవాళ్లు... వస్తారా?"

నాలో పాత మంట భగ్గుమంది. "మరి గరిటె ఎవరు పడతారు మౌటె?"

"నేను పడతాను" అన్నాడు. నిజంగానే నా చేతిలోది తీసుకుని, పొయ్యి మీద పప్పు కలపసాగాడు.

ఏప్రన్ కూడా విప్పకుండా బడికి పరిగెత్తాను. లోపల పిల్లలు పాడుతున్నారు. వెనక బల్లలో ఒకడు ఘోరంగా అపస్వరం పాడుతున్నాడు. మాస్టారు చిరునవ్వుతో తాళం వేస్తున్నారు. నా కోళ్లనే వదిలిపెట్టని మనిషి! నేను గుమ్మంలో నిలబడి "మాస్టారూ, ఒప్పుకున్నారు!" అని కేకేశాను. పిల్లలందరూ తిరిగి చూశారు. ఆయన తిరగలేదు.

పిల్లలు వెళ్లిపోయాక దగ్గరికి వెళ్లి భుజం తట్టాను. ఉలిక్కిపడ్డారు. నా ముఖం చూసి నాకు తెలిసిపోయిందని గ్రహించినట్టున్నారు. జేబులోంచి శ్రుతిదండం తీసి మోకాలికి కొట్టి, దాని కాడ పళ్ల మధ్య కరిచిపట్టుకున్నారు.

"ఇదొక్కటే వినిపిస్తోంది, ఎముకలోంచి. పై అధికారులకు తెలిస్తే బడి పోతుంది, ఎవరితోనూ అనకు" అన్నారు, ఉండాల్సిన దానికంటే పెద్ద గొంతుతో.

పలక తీసుకుని రాశాను. ఎనిమిది గొంతులు. ఆడవాళ్లూ మగవాళ్లూ. మౌటె అడిగాడు.

ఆయన చదివారు. పిల్లల బల్ల మీద కూలబడ్డారు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"ఇప్పుడా?" అన్నారు.

నేర్పడం మాత్రం మానలేదు. మా నోళ్లు చూసి, మెడలు చూసి, ఊపిరి ఎక్కడ తీస్తున్నామో చూసి తప్పులు పట్టేవారు. యాకోబ్ స్వరం ఆ దర్జీ వల్ల కాక, మా ఆడవాళ్లలో ఒక గట్టి గొంతుకు ఇచ్చారు. సంగతి అందరికీ తెలిసిపోయింది, ఎవరూ పైకి అనలేదు. మౌటె ఒక్కసారి "ఇప్పుడు తప్పు పాడినా తిట్టేవాళ్లు లేరర్రా" అని తనే నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. వాడు కిటికీ వైపు తిరిగి టోపీతో ముఖం తుడుచుకున్నాడు.

రాయి నిలబెట్టిన ఆదివారం, గుడిలో మేం జెండా కింద నిలబడ్డాం. మాస్టారు శ్రుతిదండం కరిచిపట్టుకుని, ఆ ఒక్క స్వరాన్నీ పళ్లలోంచి తీసి మాకు అందించారు. పాడాం. దీపం పెట్టండి, తలుపు వెయ్యకండి, ఇంకా ఒకరు రావాలి. నా జన్మలో అంత మంచి పాట నేను పాడలేదు. ముందు వరసలో మా అమ్మ యాకోబ్ పేరు మీద వేలు పెట్టి వింటోంది. చివరి గొంతు ఒంటరిగా నిలిచి, సన్నబడి, ఆగింది. మాస్టారి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. పాట అయిపోయిందని నేను తలూపితే దించారు.

బయటకు వస్తుంటే నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఒట్టీలియే, ఎలా ఉంది? బాగుందా?"

పాట రాసినాయన పాడిన నన్ను అడగడమేమిటి! నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నోటితో చెప్పినా ఆయనకు వినపడదు. గట్టిగా, మళ్లీ మళ్లీ తలూపాను.

"శ్రుతి దిగిందా?"

లేదన్నట్టు తల అడ్డంగా తిప్పాను.

"అబద్ధం. మన ఊరు, దిగకుండా ఉండదు" అని నవ్వారు.

సాయంత్రం మా హాల్లో బీరు రెండో విడత పోశాను. ఎవడో పిడికిలితో దరువు మొదలెట్టాడు. నాకు వాడి తల మీద గ్లాసు బద్దలుకొట్టాలనిపించింది. ఇవాళ కూడానా? కానీ మాస్టారి చెయ్యి బల్ల మీద ఉంది. ఆ దరువు చెక్కలోంచి ఆయన చేతికి తగిలింది. చటుక్కున లేచారు. చెయ్యెత్తారు. మగవాళ్లు కింద, మేం పైన, అందరం కలిసి దేవదారు పాట ఎత్తుకున్నాం. ఆయన కళ్లు మూసుకున్నారు.

ఈసారి చూడలేక కాదు. ముఖమంతా వెలిగిపోతోంది. పెదాలు కదులుతున్నాయి. రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఒకచోట, కళ్లు తెరవకుండానే ఒక పక్కకు తిరిగి, గొంతు కాస్త దించమన్నట్టు చేత్తో సైగ చేశారు. అక్కడ ఎప్పుడూ ఎక్కువ గట్టిగా పాడేవాడు ఒక్కడే. ఆ వైపు ఇప్పుడు ఖాళీ కుర్చీ ఉంది.

పాట అయ్యాక నా దగ్గరికి వచ్చారు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇది వినిపించింది ఒట్టీలియే. మొదటి నుంచి చివరి దాకా, అన్ని గొంతులూ. ఇన్నేళ్లు విన్నాను కదా, లోపల ఉండిపోయింది. మీ యాకోబ్ కూడా ఉన్నాడు" అన్నారు. తర్వాత ఆ ఎనిమిది గొంతుల కాగితాలు కోటు లోపలి జేబులోకి దోపుకున్నారు. "దీన్నే ఒక్కసారి కూడా వినలేదు."