తాయత్తుల్లో సుట్టిన షిరాజు జాబులు

మైదుకూరులో ఈరాను అబ్బాసంటే అప్పట్లో పెద్ద పేరు. తెల్లోళ్లు జర్మనీవోళ్లతో రెండోతూరి కొట్లాడతాండే కాలం అది. ఆకుపచ్చ తలపాగా సుట్టుకోని, కండ్లకు సుర్మా పెట్టుకోని, తిన్నె మింద గడ్డం నిమురుకుంటా కూచుండేటోడు. వాళ్ల నాయన అస్కర్ సాయిబు ఈరాన్నుంచి వచ్చి, ఊరూరా గుర్రాలమ్మి, ఆఖరికి ఈడ నిలబడినోడు. కొడుకు ఒక్కనాడన్నా గుర్రానికి గడ్డేసిన పాపాన పోలేదు. "మాది ఈరాన్నేలిన షాల వంశమప్పా" అని మాత్రం దావన పొయ్యేటోళ్లను గూడా పిలిసి సెప్పేటోడు.

వాని అక్క గుల్‌బాను. మొగుడు సచ్చినాక పుట్టింటికొచ్చి, ఈ షాకు రొట్టెలు కాలుస్తాండాది. నాయన దగ్గిర ఫారసీ సదివింది ఆయమ్మొకతే. ఈరాన్లో ఉండే షిరాజు నుంచి వాళ్ల జేజి, అంటే అస్కర్ సాయిబు అమ్మ, కొడుక్కు రాసిన జాబులు రేకుపెట్టె నిండా ఉండాయి. పానం పొయ్యే ముందర అస్కర్ సాయిబు బిడ్డ సెయ్యి ఆ పెట్టె మింద పెట్టి, "మనకూ ఒక ఊరుండాదని, మనుషులుండారని సెప్పేది ఇదొకటేమ్మా. ఇది పోతే మనం యాడోళ్లమో మనకే తెల్దు" అన్నాడు.

ఒకతూరి ఆయమ్మ ఆడబిడ్డ కాన్పుకని కడపకు పోయొచ్చేసరికి పెట్టె ఖాళీ.

"జాబులు యాడరా?"

"పుణ్యానికి వాడినానక్కా." అబ్బాసు పండ్లికిలించినాడు. "ఊరంతా సలిజొరాలు. తాయత్తడిగితే లేదనేదెట్ల? తునకలు సింపి, సుట్టి కట్టినా. షిరాజు దువా అంటే ఎంత మర్యాదనుకుంటివి!"

"దాంట్లో ఏం రాసుండాదో తెలుసునా నీకు?"

"ఆ అచ్చరాలుంటే దేవుని మాటే గదా!"

ఊరోళ్లదేం తప్పులేదు. ఆ రాతుండే కాగితం కిందపడితే తీసి కండ్లకద్దుకునేటోళ్లు. సదువురాని ఈ మొద్దుకు మాత్రం ఇంట్లో అక్క ఉండాది గదా, అడగొచ్చు గదా!

గుల్‌బాను సాలోళ్ల ఈదికి పొయ్యింది. మద్దమ్మ మగ్గం దగ్గిర బిడ్డ ఆడుకుంటాండాది, మెడలో రాగి తాయత్తు.

"ఇయ్యనమ్మా. కట్టినాకనే జొరం దిగింది" అనింది మద్దమ్మ.

"ఇయ్యొద్దులే. ఇప్పి, సదివి, మళ్లీ కడతా."

ఇప్పి, తెలుగులో సదివి సెప్పింది: 'మీ బావ ఎండుద్రాక్షంతా తిని, కడుపు పట్టుకోని పొర్లాడతాండాడు...'

మద్దమ్మ నోరు తెరిసింది. "దువా కాదా?"

"మా జేజి జాబు."

"అయ్యో, నా బిడ్డ మెడకు మీ బావ కడుపునొప్పి కట్టినాడా ఆ పెద్దమనిషి! తీసుకోమ్మా. మీ జేజి మాటలు మీకాడే ఉండాల."

పొద్దుగూకేసరికి ఈదంతా అబ్బాసు తిన్నెకాడికొచ్చింది.

"మా యక్కకు ఏమీ రాదు. అబద్ధాలు!" అని అరిసినాడు వాడు.

"అట్లయితే నీ మెడలో తాయత్తు ఇప్పు" అనింది గుల్‌బాను.

అందరికీ తునకలిచ్చి, తనకు మాత్రం నిండుజాబు సుట్టుకున్నాడు మారాజు. ఆయమ్మ గట్టిగా సదివింది: 'అస్కరూ, కొడుకు పుట్టినాడంట, సంతోషం. మీ నాయన గాడిదల మింద ఉప్పు మోసి నిన్ను సాకినాడు, మర్సిపోవద్దు. నీ కొడుక్కు పని నేర్పు. లేకుంటే మీ సిన్నాయన మాదిరి గుమ్మం ముందర కూచోని గొప్పలు సెప్పుకుంటాడు.'

"ఏమప్పా అబ్బాసూ," అన్నాడు మద్దమ్మ మొగుడు శివన్న, "మీ జేజి ఆడ్నుంచే నిన్ను సూసిండాదే!"

తలపాగా లోపలికి పొయ్యింది, మనిషీ లోపలికి పొయ్యినాడు.

మరుసనాటి నుంచి తునకలు తిరిగొచ్చినాయి. కొన్ని సెమటకు నానిపొయ్యినాయి. ఎనుము మెడకు కట్టింది దాని దూడ నమిలేసింది. మద్దమ్మ కోరాబట్ట ఇచ్చింది. గుల్‌బాను దాని మింద గంజితో తునకలంటించి, ఖాళీలున్న తావున నాయన సదివినిపించింది గుర్తుతెచ్చుకోని రాస్తాండాది.

నాలుగునాళ్లకు అబ్బాసు మెల్లిగా పక్కన కూచున్నాడు. "అక్కా, యాడన్నా షా అని వస్తే సెప్పు."

ఆయమ్మ గంజి గిన్నె వాని ముందరికి జరిపింది.

"గంజి గట్టిపడింది. కలుపు."