లేటుగా వచ్చినవాళ్లకే ఆట

"మీ ట్రైనీ వచ్చిన దగ్గర్నించీ మా స్కూల్లో టైముకి వచ్చేవాడే కరువయ్యాడు మేడమ్. క్రమశిక్షణ గంగలో కలిసింది. రేపొచ్చి మీ కళ్లతో చూడండి" అని ప్రిన్సిపాల్ శ్రీరామ్మూర్తి గారు ఫోన్లో అరిచి, నా జవాబు వినకుండానే పెట్టేశారు.

ట్రైనీ అంటే ఖుష్నుమా. మా వ్యాయామ విద్య కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతోంది. మా విద్యార్థులు కొన్నాళ్లు బళ్లకెళ్లి జీతం లేకుండా ఆటలు నేర్పాలి. ఎలా నేర్పుతున్నారో నేను వెళ్లి చూసి మార్కులు వెయ్యాలి. బడివాళ్లు పనికిరాదన్నారంటే ఆ ఏడాది పోయినట్టే. ఖుష్నుమాకి ఇంకో ఏడాది దొరకదు. వన్ టౌన్లో తాళాల కొట్టు నడిపే వాళ్ల నాన్న మొహియుద్దీన్, చుట్టాలందరితో పోట్లాడి మరీ కూతుర్ని ఈ చదువులో చేర్చాడు. ఇది తప్పితే ఆ నోళ్లన్నీ మళ్లీ లేస్తాయి.

మర్నాడు పొద్దున్నే ద్వారకా నగర్‌లో ఆ స్కూలు సందు మొదట్లో ఆటో దిగాను. టీ బడ్డీ వెనకాల యూనిఫారాలు కనిపించాయి. ఒకళ్లిద్దరు కాదు, ఓ మంద. బ్యాగులు తగిలించుకుని, గోడకి నక్కి, గేటు వైపు తొంగి తొంగి చూస్తున్నారు.

"ఏటర్రా, ఇక్కడేటి సేత్తన్నారు?" అన్నాను.

రెండు జడల పిల్ల ఒకతె ముందుకొచ్చింది. పేరు దేవి, ఎనిమిదో తరగతి. "బెల్లు కోసం ఆగుతన్నాం మేడమ్. బెల్లయిపోయాక లోపలికెల్తాం."

"బెల్లయిపోతే లేటు కదే?"

"లేటయితేనే కదా ఆడిత్తారు!" అంది, ఈ మాత్రం తెలీదా అన్నట్టు నావైపు జాలిగా చూస్తూ.

పిల్లలందరూ తలో ముక్కా చెప్పాక గానీ నాకు బోధపడలేదు. ఆ బళ్లో గేమ్స్ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, అందులో లెక్కలు చెబుతారు. వ్యాయామం టీచరుకి మిగిలిన పని ఒక్కటే. లేటుగా వచ్చినవాళ్లని బిల్డింగు వెనక, జనరేటరు పక్కనున్న ఖాళీ జాగాలో నిలబెట్టి గుంజీళ్లు తీయించడం. ఖుష్నుమా చేరిన రోజునే చేతికి ఒక విజిలూ ఒక కర్రా ఇచ్చి ఆ పని అప్పగించారు. ఆ మహాతల్లి ఏం చేసిందీ? పెయింటు డబ్బాలో ఇసక పోసి, కర్రని అందులో నాటి, ఖోఖో స్తంభం చేసింది. ఆ రోజు ఆడినవాళ్లు మర్నాడు మళ్లీ లేటు. వాళ్లతో పాటు వాళ్ల నేస్తాలూ లేటు. ఇప్పుడు క్లాసులకి క్లాసులే లేటు. నవ్వాపుకోలేక అక్కడే బల్ల మీద కూలబడ్డాను.

ప్రిన్సిపాల్ గదిలో, బల్ల ముందు నిలబెట్టిన ఖుష్నుమాని చూశాక మాత్రం నవ్వు రాలేదు.

"ఈ అమ్మాయి క్షమాపణ చెప్పాలి. రేపట్నించి గుంజీళ్లు తీయించాలి. లేదంటే పనికిరాదని మీ కాలేజీకి రాసేస్తాను" అన్నారు శ్రీరామ్మూర్తి గారు. ఆయన వెనక గోడంతా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు.

ఒక్క క్షణం, సారీ చెప్పెయ్యవే తల్లీ అనాలనిపించింది నాకు. తాళాల కొట్లో కూర్చున్న మొహియుద్దీన్ కళ్ల ముందు మెదిలాడు.

ఖుష్నుమా ఒక అడుగు ముందుకేసింది. "తప్పు సేత్తే సారీ సెప్తాను సార్. ఒళ్లు వంచడం శిక్షని ఇప్పుడే నేర్పీసినామంటే, ఈ పిల్లలు పెద్దయ్యాక ఆటంటేనే పారిపోతారు. ఆట మీద అసయ్యం పుట్టించడానికి నాను ఈ సదువు సదవలేదు."

క్లాసులో నేను చెప్పే మాటే ఇది. నల్లబల్ల ముందు నిలబడి చెబితే నాకు పోయేదేముంది? ఆ పిల్ల ఏడాది పోతుందని తెలిసీ అంటోంది.

"అది సారీ సెప్పదండి" అన్నాను. కోపమొస్తే ఎవరి ముందైనా నాకు మా జాలరిపేట మాటే వస్తుంది. "నాను సెప్పనివ్వను."

"అయితే రేపట్నించి ఈమెని గేటు లోపల కాలు పెట్టనివ్వను" అని ఆయన చెయ్యి చాపారు. ఖుష్నుమా మెళ్లోంచి విజిలు తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మెట్ల మీద పిల్లలందరి కళ్ల ముందే ఏడ్చింది. నాకు మండిపోయింది.

తాడో పేడో తేల్చుకుందామని మర్నాడు ఖుష్నుమాని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. సందు మలుపు తిరిగి ఆగిపోయాను. బెల్లు కొట్టేశారు, గేటు బార్లా తీసి ఉంది, లోపల పురుగు లేదు. బడంతా రోడ్డు మీద ఉంది. పదో తరగతితో సహా వరసలు కట్టి, చప్పుడు లేకుండా నిలబడ్డారు. పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు స్కూటర్లు ఆపుకుని చూస్తున్నారు.

"నానేటి సెయ్యనమ్మా, ఎవులూ లోపలికి రాటం లేదు" అన్నాడు వాచ్‌మన్ ఎల్లారావు.

"నాను రమ్మన్లేదు మేడమ్, అల్లా తోడు!" అంది ఖుష్నుమా.

శ్రీరామ్మూర్తి గారు గేట్లో నిలబడి "లోపలికి నడవండి!" అని కేకేశారు. ఎవరూ కదల్లేదు. ఇంకా గట్టిగా కేకేశారు.

"లేటయిపోనాం సార్" అంది దేవి. రెండు చెవులూ పట్టుకుని, నడిరోడ్డు మీద గుంజీళ్లు మొదలుపెట్టింది. వెంటనే వరసలన్నీ చెవులు పట్టుకున్నాయి. అందరూ గట్టిగా లెక్కపెడుతూ కూర్చుని లేస్తుంటే సందు దద్దరిల్లింది. ఇన్నాళ్లూ జనరేటరు చాటున జరిగింది ఇప్పుడు ఊరంతా చూస్తోంది.

"ఏటండీ ఇది? రోజూ ఇలగే సేయిత్తారేటి?" అని ఒకావిడ స్కూటరు దిగి నిలదీసింది.

ఆయన గబగబా నా దగ్గరికొచ్చారు. "మేడమ్, ఆపమనండి."

"నా మాట ఎందుకింటారండీ? ఆళ్ల టీచరు అదిగో."

ఆయన ఖుష్నుమా వైపు తిరిగారు. "ఆపించమ్మా."

"విజిలు మీ కాడుంది సార్" అంది ఖుష్నుమా.

ఎవరూ చెప్పకముందే ఎల్లారావు లోపలికి పరిగెత్తి విజిలు తెచ్చాడు. శ్రీరామ్మూర్తి గారు దాన్ని ఖుష్నుమాకి అందించబోతుంటే నేను అడ్డం వెళ్లాను. పూర్ణా మార్కెట్లో చేపలమ్మే మా అమ్మ పోతమ్మ గొంతు నాకూ ఉంది. సందు చివరిదాకా వినబడేలా అడిగాను.

"దాంతో పాటు గేమ్స్ పీరియడ్ కూడా ఇచ్చీండి సార్. అన్ని క్లాసులకీ. ఈ పిల్ల మా కాలేజీ పెట్టిన గడువయ్యేదాకా ఇక్కడే నేర్పుతాది."

"సరే."

"ఇనబళ్లేదు."

ఆయన స్కూటర్ల వైపు చూశారు. "గేమ్స్ పీరియడ్లో గేమ్సే! ఈ అమ్మాయే నేర్పుతుంది!"

ఖుష్నుమా విజిలు మెళ్లో వేసుకుని ఒక్కసారి ఊదింది. ఉన్నవాళ్లు ఉన్నట్టే ఆగి, చెవులు వదిలేశారు. వరస చెదరకుండా గేటు దాటి, మెట్ల వైపు పోకుండా, ఆమె వెనకే బిల్డింగు వెనక్కి నడిచారు.

"ఇదా క్రమశిక్షణ? దీనికి ఎన్ని మార్కులేస్తారు?" అన్నారాయన కసిగా.

"మీరు కేకలేత్తే ఒక్కరు కదల్లేదు. అది ఒక్క విజిలేత్తే బడంతా ఆగింది. ఎన్నెయ్యాలో మీరే సెప్పండి."

బిల్డింగు వెనక నుంచి "ఖో!" అని కేక వినబడింది. ఆయన్ని గేట్లోనే వదిలేసి, నేను ఆట చూడ్డానికి వెళ్లాను.