అంచు ముక్క

ఉదయం ఆరు పదికి మొదటి ఐసు దిమ్మ డబ్బాలోంచి జారి బల్ల మీద పడింది. కొక్కెం దాన్ని చూసి పక్కకు నెట్టేశాడు. నడుమ తెల్లపొర ఎక్కువగా ఉంది. రెండోదీ అంతే. మూడో దిమ్మ అంచు అద్దంలా ఉంది. ఆ వైపు రెండు దెబ్బలు వేసి, అరచెయ్యంత ముక్క విడగొట్టి, గోనెపట్టాలో చుట్టి, రంపపు పొట్టున్న డబ్బాలో దాచాడు.

నీళ్లు అంచు నుంచి లోపలికి గడ్డకడతాయి. వాటిలోని గాలీ మురికీ నడుమకు చేరతాయి. ఇరవై రెండేళ్లుగా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగుతున్నవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. చేతిలో ఎప్పుడూ ఇనుప కొక్కెం ఉంటుంది కనుక అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఉప్పునీళ్ల తొట్టి మీద మూత ఎత్తడం, గొలుసు తగిలించడం, డబ్బా పైకి లాగి మామూలు నీళ్లలో ముంచడం, వంచడం. ఇదే పని. కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ పోయి తొమ్మిదేళ్లయింది. స్నానానికి నీళ్లు కాగాయో లేదో ఎడమచేత్తో చూసుకుంటాడు.

"ఏం మామా, మనవడి వాటా తీసేశావా?" ఐసు నలగ్గొట్టే యంత్రం దగ్గరి మనిషి అరిచాడు. "చూస్తూ ఉండు, వాడు పుట్టగానే ఏడవడు, వణుకుతాడు."

"నీ నోట్లో ఐసు కొట్ట! నీ పని చూసుకో."

అన్నాడే కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు.

కూతురికి ఎనిమిదో నెల. అల్లుడు ఓడ మీద పనిచేస్తాడు, తిరిగి రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. అందుకని ఆమె తండ్రి దగ్గరే ఉంటోంది. ఐదో నెలలో ఒకరోజు, అతను చెప్పులు విప్పుతుంటే ఎదురొచ్చింది.

"నాన్నా, నవ్వకూడదు మరి. నాకు ఐసు నమలాలనుంది."

అతను నవ్వాడు. "ఇంత లోకంలో నీకు నా దగ్గరున్నదే దొరికిందటే?"

నవ్వాడు కానీ మర్నాడే తెచ్చాడు. దానికి కారణం ఆమె తల్లి. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు ఆవిడ దోరజామకాయలు అడిగింది. మొదటిరోజు అతను మరిచిపోయాడు. రెండోరోజు పని ఆలస్యమైంది. మూడోరోజు కొట్టు మూసేశారు. నాలుగోరోజు తెస్తే, "ఇప్పుడొద్దు" అంది. ఆ తర్వాత ఇంట్లో ఏ మాటకు మాట వచ్చినా చివరికి అక్కడికే వచ్చేది. "ఒక జామకాయ తేలేని మనిషివి, నువ్వా నాకు చెప్పేది?" మూడేళ్ల కిందట మంచాన పడి, పోయే ముందురోజు కూడా ఆవిడ ఆ మాటే అంది, నవ్వుతూనే. కూతురు ఏదైనా రెండోసారి అడిగే అవసరం రానివ్వకూడదని అతను అప్పటికి అనుకోలేదు. ఐసు అడిగిన రోజు అనుకున్నాడు.

మొదట గ్లాసుడు. తర్వాత గిన్నెడు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని కరకరా నమిలేది, చప్పుడు వీధి మలుపు దాకా వినిపించేది. అన్నం తగ్గించింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. ఇద్దరి బరువు కదా అనుకున్నాడు. చేతులు చల్లగా ఉండేవి. గిన్నె పట్టుకుని పట్టుకుని అనుకున్నాడు. పక్కింటావిడ, "పిల్ల తెల్లబడిందన్నయ్యా, బిడ్డ దొరసానిలా పుడుతుంది" అంది. ఆ మాట అతనికి నచ్చింది. ఫ్యాక్టరీలో నలుగురికి చెప్పాడు.

ఇవాళ బయల్దేరుతుంటే కూతురు పడుకునే పిలిచింది.

"నాన్నా, అంచు ముక్కే తేవాలి. మొన్నటిది ఉప్పగా ఉంది."

"చిత్తం. ఇంకేమైనా సెలవిస్తారా?"

"పెద్దది తే. తినేవాళ్లం ఇద్దరం."

పదకొండూ నలభైకి ఆఫీసు గుమాస్తా మెట్ల మీంచి కేకేశాడు. పక్కింటావిడ ఫోన్ చేసింది, నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం అని. కొక్కెం రబ్బరు బూట్లతోనే బయటికొచ్చాడు. గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, పొట్టులోంచి గోనెమూట తీసుకున్నాడు.

ప్రసూతి వార్డు బయట బల్ల ఉంది. మూట ఒళ్లో పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. ఒంటిగంటా ఇరవైకి ఆడపిల్ల పుట్టిందని లోపలి నుంచి ఎవరో చెప్పారు. పక్కింటావిడ అతని భుజం తట్టింది. కాసేపటికి తలుపు తెరుచుకుని, మూసుకుని, మళ్లీ తెరుచుకోవడం మొదలైంది. ఒక నర్సు కాగితాలతో బయటికొచ్చి, అతని కాళ్ల దగ్గర ఆగింది.

"ఈ నీళ్లేంటి పెద్దాయనా?"

"ఐసమ్మా. మా అమ్మాయికి."

"ఏం, వాపు వచ్చిందా?"

"కాదమ్మా, తినడానికి. రోజూ గిన్నెడు తింటుంది. నేనే తెస్తాను."

నర్సు రాయడం ఆపింది. "ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలలు."

"ఒంట్లో రక్తం తగ్గితే కొందరికి అలా నమలాలనిపిస్తుంది. మట్టి, బలపాలు, ఐసు. రక్తపరీక్ష చేయించలేదా?"

"కిందటి నెల వచ్చిందమ్మా. ఆ రోజు యంత్రం పనిచెయ్యలేదంట, మళ్లీ రమ్మన్నారంట. రెండు బస్సులు మారాలి కదా..."

"ఐసు తింటోందని ఎవరికైనా చెప్పారా?"

"ఐసే కదమ్మా" అన్నాడు.

నర్సు లోపలికి పరుగెత్తింది. లోపల రక్తం పోవడం ఆగలేదు. ఆసుపత్రిలో ఉన్న రెండు సంచుల రక్తం ఎక్కించారు. మూడోదాని కోసం ఊరవతలి ఆసుపత్రికి మనిషిని పంపారు. ఆయా వచ్చి బల్ల కింద తుడిచి, "కాళ్లెత్తు తాతా" అంది. అతను ఎత్తాడు.

రెండూ ముప్పై అయిదుకు డాక్టరు బయటికొచ్చి, తల్లి దక్కలేదని చెప్పింది. మూడో సంచి రెండూ యాభైకి వచ్చింది.

పసిపిల్లను పక్కింటావిడ ఎత్తుకుంది. ఆయా ఒక గుడ్డసంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అందులో దువ్వెన, తువ్వాలు, పరీక్షల కార్డు ఉన్నాయి. అతను కూడబలుక్కుని చదవగలడు. కార్డు మీద కిందటి నెల తేదీ ఉంది. బరువు గడి నిండింది. రక్తం గడి ఖాళీగా ఉంది. దాని కింద ఒక ప్రశ్న అచ్చువేసి ఉంది: ఏవైనా తినాలని గట్టిగా అనిపిస్తోందా?

ఎదుట నీలం సిరాతో, కూతురి చేతిరాత: "లేదు. అన్నీ నాన్న తెస్తాడు."