గోధుమలు, అతిమధురం, రేగుపండ్లు

ఆదెమ్మ అరచేతులకు ఆముదం రాసుకుని మరో మిరపకాయ తొడిమ తుంచింది. నల్లపాడు దగ్గరి కోల్డ్ స్టోరేజీ రేకుల షెడ్డులో ఆడవాళ్లందరూ ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. ఆమె కట్టుకోలేదు. కన్నీళ్లు చెంపల మీది ఎర్రటి దుమ్మును చీల్చుకుంటూ కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మేస్త్రీ యలమందయ్య వాటిని చూడాలి.

"ఏమే, సాగర్ కాలవైనా ఎండాకాలం ఎండుద్దే! నీ కళ్లకి ఆ రోజు కూడా రాదా?" అంది పక్కనున్న బసవమ్మ.

నిరుడు కోతలప్పుడు యలమందయ్య తన ఆటోలో కూలీలను కుక్కాడు. ఆదెమ్మ కూతురు లిడియాకు చోటు లేక అంచున వేలాడింది. మలుపులో పడి చనిపోయింది. "ఆ పిల్లే దూకింది" అని అతను పోలీసులకు చెప్పాడు. పని పోతుందని కూలీలెవరూ నోరు మెదపలేదు. క్షమించమన్న పాస్టరు గారితో ఆదెమ్మ ఒక్కటే అంది: "ముందు వాణ్ణి క్షమాపణ అడగనియ్యండయ్యా."

అప్పటినుంచి అన్నం ముందూ, ప్రార్థనలోనూ, బస్సులోనూ ఏడుపు తన్నుకొచ్చేది. చూడలేక బసవమ్మే నిన్న ఆమెను గుంటూరులో చైనా వైద్యం చేసే షహనాజ్ గారి దగ్గరికి లాక్కెళ్లింది. షహనాజ్ నాలుక చూసింది. నాడి పట్టింది. మణికట్టు దగ్గర సన్నని సూది గుచ్చింది.

"ఈ వైద్యంలో దుఃఖం ఊపిరితిత్తుల్లో ఉంటుందంటారమ్మా. కోపమేమో కాలేయంలో. ఊరికూరికే ఏడుపొచ్చేవాళ్లకి గోధుమలు, అతిమధురం, ఎర్ర రేగుపండ్లు కాచి ఇస్తారు. మనసు కుదుటపడుతుంది."

"కోపం కూడా పోద్దా అండీ?"

"మెల్లగా చల్లారుతుంది."

ఆదెమ్మ పొట్లం తెచ్చుకుంది. కాచలేదు. ఈ పూట కూడా అది ఆమె బొడ్లోనే ఉంది.

మధ్యాహ్నం యలమందయ్య క్యారేజీ విప్పాడు. ముద్ద కలిపాడు గానీ ఎత్తలేకపోయాడు. కుర్చీ పక్కకు తిప్పుకున్నాడు. ఆదెమ్మ బుట్ట జరుపుకుని మళ్లీ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మొహానికి గుడ్డ కట్టుకోవే! ఘాటుకి కళ్లు పోతాయి."

"ఘాటుకి కాదని నీకు తెలుసుగా మేస్త్రీ."

"ఇంకెన్నాళ్లు ఏడుస్తావే నా ముందు?"

"నా కూతురు దూకలేదని నీ నోటితో చెప్పిందాకా."

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. యలమందయ్య ముద్దను గిన్నెలో వదిలేశాడు.

"దూకలేదు" అన్నాడు చివరికి. "'జారిపోతన్నా, ఆపు బాబాయ్' అని అరిచింది. ఇంకొంచెం దూరమేగా అని నేనే ఆపలా."

అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఎంగిలి చేత్తోనే మొహం కప్పుకున్నాడు.

కూతురు అరిచిందన్న సంగతి ఆదెమ్మకు ఇప్పుడే తెలిసింది. లేచి, బొడ్లోని పొట్లం తీసి అతని ముందుకు చాచింది.

"ఏడుపుకి మందంట. ఈ మాటే స్టేషన్లో కూడా చెప్పి, అప్పుడు కాచుకు తాగు. నీకు తగ్గుద్దేమో చూస్తా."

అతను అందుకోలేదు. చెయ్యి కూడా కడుక్కోకుండా, బయటున్న ఆటో దాటి, రోడ్డు మీదికి నడిచి వెళ్లిపోయాడు.

ఆదెమ్మ పొట్లాన్ని కుర్చీలో పెట్టింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని మరో కాయ అందుకుంది. సాయంత్రం అందరూ వెళ్లేసరికి ఖాళీ కుర్చీలోని ఆ తెల్ల పొట్లం మిరప దుమ్ముతో ఎర్రబడి ఉంది.