పైకి దారి రెండింటి వరకే

అక్క సంచి కూడా నేనే సర్దాను, ప్రయాణానికి వారం ముందే. రెండు ఊలు స్వెట్టర్లు, రక్తపోటు మాత్రలు, గుర్తింపు కార్డు, దళసరి మేజోళ్ళు, పెళ్ళిలో వేసుకోవడానికి నీలం గౌను. అన్నిటికంటే అడుగున రబ్బరు బూట్లు. ఎవరు ఊరికి బయల్దేరినా వాళ్ళ సంచి ఒకసారి విప్పి చూస్తే గాని నాకు నిద్ర పట్టదు. అక్క మంచం మీద కూర్చుని నా పని చూస్తూ నవ్వింది.

"పెళ్ళికి బూట్లెందుకే నేలీ? పెళ్ళికొడుకుని తన్నడానికా?"

"పైన అంతా ఊటనేల. మర్చిపోయావా?"

"మర్చిపోవడమా! ఆ బురదలో చెప్పులు పోగొట్టుకుని అమ్మ చేత ఎన్ని తిన్నానో నా వీపునడుగు."

'పైన' అంటే మా ఇద్దరికీ ఒకటే చోటు. కుయెన్ సరస్సు కొసన, కొండ ఒడిలో మేం పుట్టిన ఇల్లు. నాన్న అక్కడే గొర్రెలు మేపాడు. అమ్మ ఇంటి వెనక ఆపిల్ మొక్కలు నాటింది. ఆ నేలంతా జాతీయ పార్కు అయిందని కాగితం పట్టుకుని మనుషులొచ్చి మమ్మల్ని కిందికి దించేసేనాటికి అక్కకు పదకొండేళ్ళు, నాకు ఐదు. ఎద్దుబండి మీద కిందికి దిగిన ఆ దారిని నాన్నే గొడ్డలితో, పారతో కొట్టాడు. ఇప్పుడు టూరిస్టుల కార్లు ఎక్కేది ఆ దారే. తర్వాత మేం బాహియా బ్లాంకా చేరాం, బట్టలుతికాం, పెళ్ళిళ్ళు చేసుకున్నాం, మొగుళ్ళను సాగనంపాం. పైకి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. అక్కకు ఎనభై ఏడొచ్చాయి. చూడకుండా పోతుందేమోనన్నదే నా బెంగ. తను మాత్రం ఎప్పుడూ నోరు విడిచి అడగలేదు. ప్రయాణానికి ముందు వచ్చిన క్రిస్మస్ నాడు మాత్రం, "ఒక్కసారి ఆ గుమ్మం ఉన్న చోట కూర్చోవాలనుందే" అంది. అంతే.

అక్క కొడుకు నొర్బెర్తోకి ఇనుప సామాన్ల కొట్టుంది. వాడి భార్య మిర్తా మేనకోడలి పెళ్ళి ఎస్కెల్‌లో. ఎస్కెల్‌కి వెళ్ళే దారి నుంచి కాస్త పక్కకు తిరిగితే పార్కు గేటు. ఇంతకంటే మంచి అవకాశం రాదని నేనే పట్టుబట్టాను. వంటింటి బల్ల మీద మ్యాపు పరుచుకుని అందరం కూర్చున్నాం.

"పార్కంటే ఏముంది పిన్నీ," అన్నాడు నొర్బెర్తో. "దిగుతాం, ఫొటో తీసుకుంటాం, ఒక మాతే టీ తాగుతాం, బాత్రూంకి వెళ్ళొస్తాం. గంట చాలు."

"బాత్రూంకి వెళ్ళడానికి మీ అమ్మ పుట్టిన చోటే కావాలట్రా?"

నేను ఒక పూట కావాలన్నాను. వాడు గంటన్నాడు. మిర్తా జలపాతం దగ్గర ఆగుదామంది. కన్నతల్లి పుట్టిన చోటును సంతలో గొర్రెపిల్లను బేరమాడినట్టు ఆడి, చివరికి పైన రెండు గంటలకు ఒప్పుకున్నాడు. బేరం నడిచినంతసేపూ అక్క బఠాణీలు ఒలుచుకుంటూ కూర్చుంది, అదేదో ఇంకొకరి సంగతన్నట్టు.

పార్కు వాళ్ళు అచ్చువేసిన కరపత్రం తెప్పించుకుని నేను రెండుసార్లు చదివాను. బడికి వెళ్ళినదాన్ని కాదు. కూరగాయలు చుట్టిచ్చిన పాత పత్రికల మీద చదువు నేర్చుకున్నదాన్ని కనుక ఏ అక్షరాన్నీ తేలిగ్గా వదలను. గేటు నుంచి సరస్సు కొస దాకా దారి ఒక్క బండి పట్టేంత వెడల్పే ఉంది. అందుకని పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండింటి వరకే పైకి పోనిస్తారు. ఆ తర్వాత కిందికి వచ్చే బండ్లు తప్ప పైకి ఒక్కటీ కదలకూడదు. ఈ సంగతి నొర్బెర్తోకి పైకి చదివి వినిపించాను.

"అది టూరిస్టులకి పిన్నీ. మనం టూరిస్టులమా?"

కాదు. నేనూ అదే అన్నాను. కానీ గేటు దగ్గర ఉండేవాళ్ళకు ఆ ముక్క ఎవరు చెబుతారని అడిగాను. సరే, పదింటికల్లా గేటు దగ్గరుంటామని మాటిచ్చాడు. బుధవారం తెల్లవారకముందే బయల్దేరడం, రాత్రికి పియెద్రా దెల్ ఆగిలాలో పడక, గురువారం పదింటికి గేటు, రాత్రికి ఎస్కెల్. శుక్రవారం పొద్దున పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. ఇంత చక్కగా నేనెన్నడూ ఏదీ కుదర్చలేదు.

కొలొరాడో నది దాకా అంతా అనుకున్నట్టే జరిగింది. ఆ నది దాటి దక్షిణానికి పండ్లు తీసుకెళ్ళనివ్వరు, ఎముకున్న మాంసం తీసుకెళ్ళనివ్వరు. పురుగూ, పశువుల జబ్బూ అటు పోకూడదని వంతెన దగ్గర బండ్లు సోదా చేస్తారు. మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. అందుకే వంతెనకు ముందు బండ్ల వరసలో జనమంతా దిగి, చెత్తబుట్టలో పారేయడం ఇష్టం లేక, తెచ్చుకున్న పండ్లన్నీ అక్కడే తినేస్తుంటారు. మేమూ పీచ్ పండ్లు తిన్నాం. అక్క గడ్డం మీదుగా రసం కారుతుంటే తుడుచుకుంటూ, "ఇంత మర్యాదగా దోచుకునేవాళ్ళని ఇక్కడే చూశాను, తినేదాకా ఆగుతారు" అంది. పక్క బండి వాళ్ళు కూడా నవ్వారు.

మా వంతు వచ్చింది. తనిఖీ చేసే కుర్రవాడు వెనక డిక్కీ తెరవమన్నాడు. అక్క సంచి తీసి బల్ల మీద పెట్టి విప్పాడు. నేను ఇస్త్రీ చేసి మడిచిన గౌను, మేజోళ్ళు, బూట్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. సంచి కింద ఐసు పెట్టె. ఐసు పెట్టెలో, తువ్వాలు కింద, ఒక దూడ పక్కటెముకలు పూర్తిగా ఒక వైపువి.

నొర్బెర్తోకి తెలియక కాదు. పెళ్ళివారింట తన వాటాగా ఉత్తరం మాంసం పెడతానని బావమరిదికి గొప్పలు చెప్పుకున్నాడట. దక్షిణం వాళ్ళది మాంసం కాదు, చెప్పు తోలు అన్నాడట. ముసలిదాని సంచి కింద పెడితే ఎవరూ వెతకరనుకున్నాడు. తన స్నేహితుడి బావ అలాగే దాటించాడని ఎవరో చెప్పారు. ఆ నది దగ్గర పట్టుబడిన వాళ్ళందరికీ అలా దాటించిన బావ ఒకడు ఉంటాడు.

కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. మాంసం ఇక్కడ వదిలేసి వెళ్ళండి, లేదా వెనక్కి తీసుకెళ్ళండి. వదిలేసి ఉంటే మేం అయిదు నిమిషాల్లో వంతెన దాటేవాళ్ళం. నొర్బెర్తో ముఖం కందగడ్డలా అయింది.

"నా చేతుల్తో ఏరి తెచ్చిన మాంసాన్ని గుంటలో పూడ్చనా? చచ్చినా ఇవ్వను."

"ఇచ్చేయరా," అన్నాను. "రేపు పదింటికి గేటు."

"పది కాకపోతే పన్నెండు పిన్నీ. పార్కు ఎక్కడికీ పారిపోదు."

బండి తిప్పి, ఇవతలి గట్టు మీద పాప్లర్ చెట్ల నీడలో ఆపాడు. కట్టెలు ఏరాడు. ఇనుప ఊచలు కొట్టువాడి దగ్గర ఎప్పుడూ ఉంటాయి. పక్కటెముకల్ని ఊచకు గుచ్చి నేలలో పాతి, పక్కన నిప్పు రాజేశాడు. ఆ కాల్పు గంటలో అయ్యేది కాదు. నెమ్మదిగా, పొగ లేని సెగ మీద, కొవ్వు చుక్కచుక్కగా జారుతూ కాలాలి. తొందరపెట్టేవాణ్ణి మా దేశంలో మనిషిగా లెక్కపెట్టరు. వాసనకు లారీ డ్రైవర్లు వచ్చారు. ఒకరు రొట్టె తెచ్చారు, ఒకరు సీసాలు తెచ్చారు. సాయంత్రానికి అదొక తిరనాళ్ళయింది. తమ ఊరి పెళ్ళిలో కూడా ఇంత బాగా తినలేదని ఒకాయన నొర్బెర్తోని కావలించుకున్నాడు. వాడు గెలిచిన సేనాపతిలా కత్తి పట్టుకు తిరిగాడు.

నేను తినకూడదనుకున్నాను. అక్క బలవంతం మీద ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. చాలా బాగుంది. అందుకు మరింత మండింది.

"నీకు కోపం రావడం లేదా?" అని అక్కనడిగాను.

"వాడు వాళ్ళ నాన్నలాగే. మాంసం ముందు కూర్చుంటే ఇల్లు తగలబడుతున్నా లేవడు. ఏం చేయను, నేనే కన్నాను." ఎముక చప్పరిస్తూ, "రేపు చూద్దాంలే" అంది.

ఆ రాత్రి పియెద్రా దెల్ ఆగిలా చేరనే లేదు, సగం దారిలో చోయెలె చోయెల్ కూడా దాటలేకపోయాం. మర్నాడు నొర్బెర్తోని లేపడానికి మిర్తా నీళ్ళు చల్లాల్సి వచ్చింది. బయల్దేరేసరికి ఎండ ఎక్కింది. దారంతా నేను గడియారం చూడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చూస్తే ఏడుస్తానని తెలుసు.

గేటు చేరేసరికి మూడు దాటింది. అడ్డకర్ర దించి ఉంది. లోపల్నుంచి ఒకదాని వెనక ఒకటి బండ్లు దుమ్ము రేపుకుంటూ దిగుతున్నాయి. వాటి పైన తెడ్లు, కుర్చీలు, తడి తువ్వాళ్ళు. పచ్చ టోపీ పెట్టుకున్న అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. నొర్బెర్తో దిగి చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. మెకానిక్కన్నాడు, ముసలివాళ్ళన్నాడు. పక్కటెముకల సంగతి మాత్రం చెప్పలేదు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఎదురుగా బండ్లు వస్తుంటే పైకి ఎలా పంపను, మలుపుల దగ్గర పక్కకు తప్పుకోవడానికి చోటు లేదంది.

అప్పుడు నేను దిగాను.

"ఆ దారి కొట్టింది మా నాన్న," అన్నాను. "అదిగో ఆవిడ, మా అక్క, ఆ సరస్సు కొసన పుట్టింది. మీ టోపీలు, మీ అడ్డకర్రలు లేనప్పుడు పుట్టింది. మమ్మల్ని దించేసిన రోజు కిందికి దారి ఎన్నింటికని ఎవరూ అడగలేదమ్మాయ్. ఇవాళ పైకి ఎక్కడానికి గంటలు చెబుతున్నావు."

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. తర్వాత మెల్లగా, "అక్కడ పుట్టినవాళ్ళకు టికెట్ అక్కర్లేదమ్మమ్మా, ఏ రోజైనా రావచ్చు" అంది. "రేపు పొద్దున పదింటికి రండి. మొదటి బండి మీదే అవుతుంది. నేనే ముందు నడుపుతాను."

రేపు పదకొండింటికి ఎస్కెల్‌లో పెళ్ళి. నొర్బెర్తో నేల చూశాడు. నేను వాడివైపే చూస్తూ నిలబడ్డాను. వాడి చొక్కా మీద ఇంకా కొవ్వు మరకలున్నాయి.

అక్క కారు దిగి, కర్ర ఊతంతో అడ్డకర్ర దాకా నడిచింది. దాని మీద రెండు చేతులూ ఆనించి లోపలికి చూసింది. చూడటానికి దుమ్ము, బండ్లు తప్ప ఏమీ లేవు. సరస్సు ఇంకా పద్దెనిమిది కిలోమీటర్ల దూరం.

"అమ్మాయ్, ఇంటి వెనక ఆపిల్ చెట్లున్నాయా?"

"ఉన్నాయమ్మమ్మా, నాలుగో ఐదో. పోయిన వారం కూడా ఒకటి తిన్నాను. పులుపు."

అక్క గట్టిగా నవ్వింది. "పులుపే. మంచు పడ్డాక కోయాలి వాటిని. మా అమ్మ మాట వినేదాన్ని కాదు నేనూ." మళ్ళీ కారెక్కి, తలుపు వేసుకుని, "పోనీయరా" అంది.

తిరుగు ప్రయాణం వచ్చే మంగళవారం. వచ్చేటప్పుడు తప్పకుండా పదింటికి ఇక్కడుంటానని నొర్బెర్తో తల్లి చెయ్యి పట్టుకుని ప్రమాణం చేశాడు. కావాలంటే రెండు రోజులుందామన్నాడు. వంటింటి బల్ల దగ్గర రెండు గంటలకు బేరమాడిన మనిషికి గేటు మూసుకున్నాక రోజులు దొరికాయి. నేను నోరు తెరిచి ఉంటే కారు ఆగిపోయేలా అరిచేదాన్ని.

పెళ్ళిలో అక్క నీలం గౌను వేసుకుంది, పెళ్ళికొడుకు తాతతో రెండడుగులు నాట్యం కూడా చేసింది. ఆ రాత్రి చలిగాలి కొట్టింది. శనివారం దగ్గు, సాయంత్రానికి జ్వరం, ఆపైన ఆసుపత్రి. నొర్బెర్తో మంచం పక్కన కూర్చుని మంగళవారం, మంగళవారం అంటూనే ఉన్నాడు. అందరూ వాడిని ఓదార్చారు. నేను ఓదార్చలేదు. ఇవాళ్టికీ ఓదార్చలేదు. నా దగ్గరకొచ్చి, ఎవరికి తెలుసు పిన్నీ అని ఏడ్చినప్పుడు, నాకు తెలుసురా అన్నాను. నీకూ చదివి వినిపించాను.

మంగళవారం మేం ముగ్గురం వేరే దారిలో, సముద్రం వైపు నుంచి ఇంటికి వచ్చాం. మా అక్క జులేమా తిరిగి రాలేదు. రెండు వేల పదహారు మార్చి ఆరో తేదీ, ఆదివారం తెల్లవారుజామున ఎస్కెల్‌లో చనిపోయింది.