కోచ్ హాస్ గారి బాతు

డాల్టన్‌తో పెళ్లయి పదకొండు వారాలు. మార్లిస్‌కి ఇంకా అన్నీ ముద్దుగానే ఉన్నాయి. అద్దె ఇంట్లో పసుప్పచ్చ వంటగది, గుమ్మంలో అతని తడి బూట్లు, ఆఖరికి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తొమ్మిది ఆటల్లో ఎనిమిది ఓడటం కూడా. అయితే శనివారం ఆఖరి ఆట కూడా పోతే కోచ్‌లందరినీ ఇంటికి పంపేస్తానని కాలేజీ ప్రెసిడెంటు చెప్పేశాక, ఆ ఒక్కటీ ముద్దుగా లేకుండా పోయింది.

డాల్టన్ చిన్న కోచ్. ఆట సాగుతుంటే మైదానం అంచున నిలబడి బొమ్మల అట్టలు ఎత్తి చూపడం అతని పని. బాతు అంటే బంతి చేతపట్టుకుని ఎడమవైపు పరుగు, ట్రాక్టరు అంటే కుడివైపు. పద్దెనిమిదేళ్లుగా అవే అట్టలు. మూడో ఆటకల్లా మార్లిస్‌కి అన్నీ వచ్చేశాయి. ఐదో ఆటలో వెనక వరసలోంచి అవతలి ఊరి ముసలమ్మ ఒకావిడ, "బాతు లేచింది! ఎడమకి కాయండ్రా!" అని గొంతు చించుకుంది.

ప్రతి గురువారం సాయంత్రం కోచ్‌ల కుటుంబాలన్నీ హెడ్ కోచ్ హాస్ ఇంట్లో చిల్లీ అనే ఎర్రటి మాంసం కూర, దాల్చినచెక్క వేసిన తీపి రోల్సూ తినాలి. అది ఆనవాయితీ.

"కుర్రాళ్లలో పస లేదు. రేపు ఇంకో ఇరవై చుట్లు పరిగెత్తించండి," అన్నాడు హాస్. కోచ్‌లంతా గిన్నెల్లోకి చూస్తూ తలలూపారు.

మార్లిస్ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "చెప్పు!"

"ఈయన ముందు నోరు విప్పినవాడెవడూ రెండో ఏడు ఇక్కడ లేడు. రోల్ తిను," గొణిగాడు డాల్టన్.

మార్లిస్‌కి పసుప్పచ్చ వంటగది కళ్లముందు మెదిలింది. "తప్పు కుర్రాళ్లది కాదు కోచ్," అంది. "బాతుది."

చెంచాలు ఆగిపోయాయి.

"ఏ బొమ్మ లేస్తే ఏం చేస్తారో నాకే తెలిసిపోతోంది. అవతలి వాళ్లకి తెలీదంటారా?"

హాస్ మొహం చిల్లీ రంగుకి తిరిగింది. "అవి మా ఆవిడ లోరీన్ గీసిన బొమ్మలు," అన్నాడు, గొంతు తగ్గించి. "మారిస్తే బాధపడుతుంది."

"నేనా?" లోరీన్ రోల్సు పళ్లెం ఠక్కున దించింది. "ఆ బాతుని చూసి పద్దెనిమిదేళ్లుగా సిగ్గుతో చస్తున్నానయ్యా! నీకు ముచ్చటని ఊరుకున్నా. అసలు అది బాతులా ఉందా, బూటులా ఉందా?"

"మొదట్లో నేను బూటనే అనుకున్నాను కోచ్," అన్నాడు డాల్టన్. అది ఆ ఏడాది అతను ఆయనతో చెప్పిన మొదటి నిజం.

లోరీన్ శుక్రవారమంతా కూర్చుని కొత్త బొమ్మలు గీసింది. బాతుని మాత్రం ఎరగా ఉంచారు; కుర్రాళ్లు చూడాల్సింది ఇక కొత్త బొమ్మల్నే.

శనివారం ఆట ముగియడానికి ఇంకా తొమ్మిది సెకన్లు. మూడు పాయింట్లు వెనక. డాల్టన్ బాతుని ఎత్తాడు. పక్కనే ఇంకో కోచ్ కొత్త పిల్లి బొమ్మని ఎత్తాడు. అవతలి జట్టు జట్టంతా ఎడమకి ఉరికింది. మన కుర్రాడు బంతి పట్టుకుని కుడివైపు ఒంటరిగా పరిగెత్తాడు. ఎవరూ అడ్డు రాకపోయేసరికి అనుమానమొచ్చి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని మరీ గీత దాటాడు. ఆరు పాయింట్లు, ఆట గెలిచారు.

హాస్ గ్యాలరీ మెట్లెక్కి మార్లిస్ దగ్గరికొచ్చాడు. "వచ్చే ఏడాది ప్రతి గురువారం నువ్వు నా పక్కన కూర్చోవాలి. తెలిసిందా?"

బాతుని లోరీన్ ఆమెకే ఇచ్చేసింది. ఇప్పుడది పసుప్పచ్చ వంటగది గోడ మీద ఉంది. దగ్గర్నించి చూస్తే అచ్చం బూటే.