చొప్ప మనిషికి తలపాగా

నిలబడి చెప్పాలా, కూర్చుని చెప్పాలా, బి.ఏ.లో ఏ పుస్తకమూ ఇది నేర్పలేదు గదా, అనుకుంటూ తిరుపతిసామి ఎట్టయాపురంలో బస్సు దిగినప్పటినుంచి నల్లరేగడి పగుళ్ళు దాటుకుంటూ నడుస్తూనే ఉన్నాడు, అక్కా, బావ ఇంక లేడు, కాదు, అక్కా, కొలంబోలో బావకు జ్వరం వచ్చింది, అలా మొదలుపెడితే నయం, విరుదునగరం ప్రత్తి గోదాము వాకిట్లో, కొలంబోలో బావతో పనిచేసిన పేచ్చిముత్తు తనకు అలాగే చెప్పాడు, ఓడ దిగి వస్తా ఉన్నాను సామీ, మీ చెల్లసామి బావని అక్కడే మట్టి చేసేసినాము అని, వినగానే తనకు ఏడుపు రాలేదు, అక్కకు ఎవరు చెప్పాలన్న భయమే వచ్చింది, ఇంట్లో చదువుకున్నవాడు తనొక్కడే, చదువుకున్నవాడే చెప్పాలి, చెప్పిన మరుక్షణం అక్క మాయక్క చేతి గాజులు పగులుతాయి, తన నోటి మాటతోనే, అదిగో వైప్పారు ఏరు, నీళ్ళు లేవు, అంతా ఇసుకే, ఇసుకలో తవ్విన చెలమ చుట్టూ కుండలు, ఆ అవతల ఈ ఏడుపేమిటి, తనకంటే ముందే ఎవరు చెప్పేశారు.

కాదు, చావు కాదు, రెండేళ్ళుగా వాన లేదు గదా, సజ్జ చొప్పతో కొడుంపావి బొమ్మను చేసి ఈడుస్తున్నారు, వాన ఎగ్గొట్టిన మహాపాపి చచ్చాడని ఊరంతా దొంగ ఏడుపు ఏడిస్తే మేఘానికి జాలి పుడుతుందని, చిన్నప్పుడు తనూ ఆ బొమ్మను చీపురుతో కొట్టి నవ్వాడు, ఇప్పుడూ ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ మధ్యమధ్య నవ్వుకుంటున్నారు, ఇసక్కియమ్మాళ్ అవ్వ అయితే, ఒసే మాయక్కా, నిదానంగా ఏడువే, ఇట్ల ఏడిస్తే వాన కాదు, వరదే వస్తాది అంటోంది, అక్క నవ్వడం లేదు, జుట్టు విరబోసుకుని బొమ్మ తలకాడ కూర్చుని, నన్నిడిసి ఏ మట్టిలో పండుకుంటివి సామీ అని రాగం తీస్తోంది, ఏ మట్టిలో, ఆ మాట ఈ పాటలో ఎప్పుడూ లేదే, బొమ్మ తలకు ఆ తలపాగా ఎవరిది, ఎర్ర అంచు, పెండ్లినాడు బామ్మర్దే చుట్టాలంటే తన చేత్తో బావకు చుట్టిన పాగా.

చెలమ దగ్గర ముంతతో నీళ్ళిస్తూ అక్క అతని మొహం చూడలేదు, తాగు తమ్ముడా, తాగి ఊరికే ఉండు, పేచ్చిముత్తు నీకంటే ముందు ఈ దారినే పోయినాడు, ఊర్లో ఎవరికీ చెప్పకుండా వాని నోరు నేనే కట్టినాను, నువ్వు చెప్పినావంటే రేపే గాజులు పగలగొట్టి మూల కూర్చోబెడతారు, తాడు తెగినదాన్ని విత్తనం ముట్టనియ్యరు, వాన పడితే మన చేన్లో ప్రత్తి ఎవరేస్తారు, నువ్వొస్తావా బి.ఏ. సామీ, ఏడ్చేది ఏడ్చేసినాను, ఊరంతా తోడేడ్చింది, చాలు, అంది, అబద్ధం గదా అక్కా అనబోయాడు, నోట్లో నీళ్ళున్నాయి, అంతలో ఇసక్కియమ్మాళ్ అవ్వ, ఏం సామీ, కొలంబోలో మీ బావ సేమమేనా, విత్తేలోగా వస్తాడా అని అరిచింది, ముంత మీద అక్క గాజుల చప్పుడు ఆగిపోయింది.

సేమమే అవ్వా, అన్నాడు తిరుపతిసామి, అని, మగవాళ్ళు ఈడుస్తున్న తాడు అందుకుని భుజాన వేసుకున్నాడు, చొప్ప ఏం బరువని, అయినా భుజం ఒరుసుకుపోతోంది, వెనక ఎర్ర అంచు ఇసుకలో గీత గీస్తూ వస్తోంది, విరుదునగరం నుంచి తను మోసుకొచ్చింది కబురు కాదు, బావనే, కొలంబోలో పాడె పట్టలేకపోయిన బామ్మర్ది ఇక్కడ పడుతున్నాడు, అంతే, అనుకోగానే, ఊరంతటి దొంగ ఏడుపు నడుమ, తిరుపతిసామికి ఏడుపు వచ్చింది.